థామ్సన్ దొర గాలం

మానవ నాగరికతలో మేకు పాత్రను చరిత్రకారులు ఇంతవరకు తగినంత గంభీరంగా పరిశీలించలేదు. సామ్రాజ్యాలకు సరిహద్దులుంటాయి, సంధిపత్రాలుంటాయి. సంసారానికి ముందుగదిలో ఒకే ఒక మేకుంటుంది. దాని మీద హక్కెవరిదో తేలేదాకా ఆ ఇంట శాంతి ఉండదు.

జంషెడ్‌పూర్ బారిడీహ్‌లోని మా ఇంటి మేకు సామాన్యమైనది కాదు. రూపాయి బిళ్ళంత తల, బొటనవేలంత లావు. మేము ఈ ఇంటికి వచ్చిన కొత్తలో ఎవరు కొట్టారో నాకు తెలియదు. ఆ రోజు నేను డ్యూటీలో ఉన్నాను. ఆ తరవాత గోడతో పాటు దానికీ తొమ్మిది పూతల రంగు పడింది. దాని మీది గడియారం కాలధర్మం చెందాక సింహాసనం ఖాళీ అయింది.

అక్కడ తన తండ్రి తవిటయ్య గారి ఫొటోను ప్రతిష్ఠించాలని నా భార్య డార్కస్ సంకల్పం. ఆయన ఒక ఇనప కార్ఖానాలో ఫిట్టరు. వంకరగా ఆకురాయి పెట్టిన ముక్కను ఎలా చూసేవారో, అల్లుడినైన నన్నూ అలాగే చూసేవారు. ఫొటోగ్రాఫరు దుర్మార్గుడు, ఆ చూపును యథాతథంగా పట్టేశాడు. మేకుకి సరిగ్గా ఎదురుగా నా పడక కుర్చీ. ముప్పై మూడేళ్ళు గూడ్సు గార్డుగా ఊగి రిటైరైనవాడికి భోజనానంతరం మిగిలిన ఏకైక రాజ్యం అది.

మిత్రులు కనుక మీ దగ్గర దాచను. ఎనిమిదేళ్ళ కిందట ఫ్రేము కట్టించిన ఆ ఫొటోను నేనే బీరువా వెనకకు జారవిడిచి, ఫ్రేములవాడు పోగొట్టాడని ప్రకటించాను. ఆ అమాయకుడి కొట్టు గుమ్మం మేము ఈనాటికీ తొక్కం.

ఈ ఏడు డార్కస్ మళ్ళీ మొదలెట్టింది. “ఈస్టరు లోపల మా అయ్య ఫొటో ఇంకోటి కడిగించి ఆ మేకుకి ఎట్టాల.”

ప్రమాదం ముంచుకొచ్చింది. దించమనడానికి ఎవరికీ నోరు రానంత ఘనమైన వస్తువేదో ఆ మేకు మీద తక్షణం కొలువుతీరాలి.

దైవం కుక్కరు గాస్కెట్ రూపంలో కరుణించింది. దాన్ని వెతకడానికి అటకెక్కితే గోనెసంచి చుట్టలో ఒక గాలం దొరికింది. ముదురు వెదురు కర్ర, అతుకు దగ్గర ఉంగరంలా ఇత్తడి పొన్ను, దారం చుట్టుకునే చెక్క చక్రం, చివర నా చూపుడువేలిని మొదటి పరిచయంలోనే ఆప్యాయంగా పట్టుకున్న కొక్కెం.

“ఇదెక్కడిది?” అన్నాను.

“అటక మీదది,” అంది డార్కస్.

“నేనడిగేది చరిత్ర!”

“సరిత్ర తరవాత. ముందు ఆ చింతపండక్కడ ఎట్టండి, పులుసుకది!”

అప్పటికే సగం పులుసు పురాతత్వశాఖకు అంకితమైపోయింది. చింతపండుతో తోమగా ఇత్తడి మీద మకిలి వదిలి శాసనం బయటపడింది: టి 1873.

నా ఒళ్ళు గగుర్పొడిచింది. 1873లో జంషెడ్‌పూర్ లేదు. కార్ఖానాలు లేవు, స్టేషను లేదు, నేను లేను. సువర్ణరేఖ ఉంది. అందులో చేపలున్నాయి. ఒడ్డున, నిస్సందేహంగా, ఒక దొర ఉన్నాడు!

నిపుణుడి అభిప్రాయం కోసం బిష్టుపూర్‌లో పాత వస్తువుల కొట్టు నడిపే కిషోర్ దగ్గరకు వెళ్ళాను. నిరుటి దాకా అతనక్కడ మొబైలు కవర్లు అమ్మేవాడు గనక పురావస్తువుల మీద అతని దృష్టి ఇంకా తాజాగా ఉంది.

“అంకుల్, పక్కా అంగ్రేజోం కా మాల్ హై!” అన్నాడు గాలాన్ని వాసన చూసి. ఇంగ్లీషువాళ్ళ సరుకేనట.

“మరి ఈ టి ఎవరు?”

“థామ్సన్. ఔర్ కౌన్?”

టర్నరూ కావచ్చు, టేలరూ కావచ్చు. కానీ థామ్సన్ అన్న పేరులోనే మీసాలున్నాయి. వారం తిరిగేలోగా ఆయనకు ఒక తెల్లగుర్రాన్నీ, ఒక విఫల ప్రేమనూ, మలేరియా జ్వరాన్నీ సమకూర్చాను.

“డార్కసూ, ఈ మేకు ఇకమీదట థామ్సన్ దొర గాలానిది.”

“ఆడెవుడు?”

“ఈ ఊరికి ఆదిపురుషుడు.”

“సరే,” అంది.

ముప్పై ఏళ్ళ కాపురంలో ఆమె మొదటి మాటకే సరే అనడం అదే ప్రథమం. నేను భయపడి ఉండవలసింది.

“గాని ఒక మాటండి. గాలం ఎవులిదో ఆ మనిసి ఫొటో కూడా దానెంబడే ఎట్టాల. పేరు నేని కర్ర గోడకెందుకు?”

“తప్పకుండా పెడతాను.”

“రాసిత్తారా?”

రాసిచ్చాను. బ్రేకువ్యాను ఎంత ఊగినా వంకరపోని సంతకం నాది. ఆమె ఆ కాగితాన్ని బైబిల్లో, యోబు గ్రంథం దగ్గర భద్రపరిచింది.

ఈస్టరుకి ముందొచ్చే మట్టల ఆదివారం ఆరాధన అయ్యాక గాలావిష్కరణ మహోత్సవం. చర్చి నుంచి పదిహేను మంది వచ్చారు. ముఖ్య అతిథి ధర్మరాజు గారు. ఎనభై నాలుగేళ్ళవాడు, ఏ కార్ఖానాలోనో హాజరు వేసే టైమ్‌కీపరుగా చేసి రిటైరయ్యాడు. చూపు ఆనదు. పెద్దరికానికి చూపుతో పనేముంది అని పిలిచాను.

థామ్సన్ దొర జీవితాన్ని పుట్టుక నుంచి మలేరియా దాకా నలభై నిమిషాలు వర్ణించాను. ఇద్దరు ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. ఆ కన్నీళ్ళు నన్ను చెడగొట్టాయి.

“ఆయన గాలం ఇలా విసిరేవాడు!” అని విసిరాను.

కొక్కెం ఫ్యాను కింద నుంచి వెళ్ళి, ముఖ్య అతిథి టోపీ దాటి, బీరువా పక్క సందులోంచి వెనక్కి దిగింది. లాగితే రాలేదు.

“పెద్ద సేపే పడ్డాది, గట్టిగా లాగండి!” అంది డార్కస్, ఎన్నడూ లేని ప్రోత్సాహంతో.

పదిహేను మంది సాక్షిగా గట్టిగా లాగాను. ఫ్రేము వెనక తీగకు కొక్కెం తగులుకుని, బీరువా పక్క నుంచి నేల మీద జారుకుంటూ మా మామగారు సభాస్థలికి విచ్చేశారు. చూపు మారలేదు.

“ఫ్రేములోడు పోగొట్టాడన్నారు గదండీ?” అంది డార్కస్ తీయగా.

నేను సమాధానం కోసం థామ్సన్ దొరను తలుచుకుంటూ ఉండగా ధర్మరాజు గారు చెయ్యి చాచాడు. “ఏటి ఆ గొడవ? ఆ బన్సీ ఇలా తే.” గాలాన్ని ఆయన బన్సీ అంటాడు. ఇత్తడి పొన్ను మీద బొటనవేలు నడిపాడు. ఒకటి. ఎనిమిది. ఏడు. మూడు. వెంటనే వెన్ను నిటారైంది. పూర్వజన్మ గొంతుతో అన్నాడు:

“టోకెన్ నంబరు పద్దెనిమిది డెబ్భై మూడు. తవిటయ్య. ఫిట్టరు. రెండో షిఫ్టు. హాజర్!”

డార్కస్ యోబు గ్రంథం తెరిచింది.

అతిథులు వెళ్ళాక, పోయిన నా పరువు కోసం కాబోలు, అట్లు వేసింది.

“తెలిసుండి ఎందుకు చెప్పలేదు?”

“మీరెప్పుడు అడిగినారు? మీరు దొరనడిగినారు. మా అయ్య పోయాక సామాను తెచ్చినప్పుడు తమరు డూటీలో ఉన్నారు.”

“మరి ఫొటో?”

“ప్రతి శనివారం బీరువా ఎనక తుడిసీది ఎవులనుకున్నారు? ఎనిమిదేళ్ళనుంచి మా అయ్య మొకం తుడుత్తనే ఉన్నాను. తీయడం నాకు సేతకాక కాదు. మీ సేత్తో ఎట్టించాలని.”

ఆమె అట్లకాడ తిరగేసి నా ముక్కు కింద పెట్టింది. కాడ మీద టి 1873. పప్పుగుత్తి మీదా అంతే. కొబ్బరికోరు మీదా అంతే.

“పనిముట్లు కలిసిపోకుండా కార్ఖానాలో నంబరు కొట్టుకునీవోరు. మా అయ్యకి ఇంటికొచ్చినా సెయ్యి ఆగీది కాదు. ముప్పై ఏళ్ళనుంచి దీంతో ఏసిన అట్లే తింటన్నారు. ఒక్కసారన్నా సూసినారేటి?”

“నేను అట్టుని చూసేవాణ్ణి.”

స్వహస్తాలతో ముందు గాలాన్ని, దాని మీద మామగారిని తగిలించాను. ఫ్రేము తీగ ఒరుసుకుని మేకు తల మీది తొమ్మిది పూతల రంగు పెచ్చుగా ఊడి నా కుర్చీలో పడింది. దాని కింద, ఇనుము మీద, చిన్న అంకెల్లో 1873.