సిద్దిరాములు ఇక నిద్ర లేవడు

పొద్దున ఆరు గంటలకు వందన జడ వేసుకుంటూ ఆ రోజు పనులన్నీ పైకే చెప్పుకుంది. పదిన్నరకు గంగాధర చౌరస్తాలో ఫంక్షన్ హాలు. పదకొండుకు హైదరాబాద్ నుంచి కంపెనీ యజమాని రాకేశ్. వంద మంది రైతులు. తర్వాత బగారన్నం. అంతే. ఇందులో చెడిపోవడానికి ఏముందని అద్దాన్ని అడిగింది. అద్దం ఏమీ లేదనే అన్నట్టు కనిపించింది.

కరీంనగర్ ముకరంపురలో, కళ్లద్దాల దుకాణం మీది అంతస్తులో వందన ఆఫీసు. మొత్తం నలుగురు మనుషులు. ఎక్కడో ఎవరో కనిపెట్టిన కొత్త యంత్రాన్ని ఊళ్లలో జనానికి అర్థమయ్యేట్టు చెప్పి కొనిపించడం వాళ్ల పని. ఈసారి యంత్రం ఫోన్‌తో నడిచే మోటరు స్టార్టర్. రైతు నడిరేయి లేచి, బ్యాటరీ లైటు పట్టుకుని, పాముల భయంతో బావి దగ్గరికి పోనక్కర్లేదు. మంచం మీద పడుకునే ఫోన్ నొక్కితే పొలంలో మోటరు తిరుగుతుంది. అయితే కిందటి నెల పెట్టిన మొదటి సభకు వచ్చింది పదిహేడు మంది. వాళ్లలో పదకొండు మంది వంట వాసనకు వచ్చినవాళ్లు. "ఈసారి వంద మంది రాకపోతే మేము ఈ పని హైదరాబాద్ ఏజెన్సీకి ఇచ్చేస్తాం మేడం," అని స్టార్టర్ కంపెనీ యజమాని రాకేశ్ మర్యాదగానే చెప్పాడు.

అందుకే ఊరించే ప్రకటన ఒకటి వేయాలని వందన నిర్ణయించింది. మాటలు రాసే నిషాత్ మూడు రోజులు పెన్సిల్ కొరికి, చివరికి ఒక్క వాక్యం తెచ్చింది. "సిద్దిరాములు ఇక నిద్ర లేవడు!" కింద తేదీ, పదకొండు గంటలు, హాలు పేరు, వందన ఫోన్ నంబరు. మరో మాట లేదు. ఎందుకు లేవడో తెలుసుకోవాలని జనం రావాలి, వచ్చాక చెప్పాలి. వందన చదివి, కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టింది.

సిద్దిరాములు వాళ్ల ఆఫీసు మనిషే. ఇరవై ఏళ్లు ఊరూరా తిరిగి కాలిపోయిన మోటర్లు బాగుచేసి, రెండేళ్ల కిందట వందన దగ్గర చేరాడు. ఆ చుట్టుపక్కల ఆయన చెయ్యి పడని బావి లేదు. నులకమంచం మీద హాయిగా కళ్లు మూసుకుని పడుకోమని ఫొటో తీశారు. ఎందుకని ఆయన అడగలేదు. పడుకోమంటే పడుకున్నాడు. ఈరోజు కోసం మాత్రం ఒక్క మాట అడిగాడు. "మొక్కున్నది మేడం. నా పెండ్లాం యాదవ్వను తీసుకొని కొండగట్టు గుడికి పోయస్త. పదకొండు కొట్టంగ హాల్ల ఉంట."

తెల్లవారుజామునే పన్నెండు ఊళ్లలో ఫ్లెక్సీలు లేచాయి. ఏడు కాకముందే వందన ఫోన్ మోగింది.

"అమ్మా, గీ సిద్దిరాములు సంగతి నిజమేనా?" ఎవరో పెద్దాయన గొంతు.

"నిజమే బాపూ!" అంది వందన ఉత్సాహంగా.

"ఎన్ని గంటలకు ఎత్తుతరు?"

సభలో ఎత్తి చూపడానికి స్టార్టర్ మీద కప్పిన పట్టుగుడ్డ గురించి ఈయనకు ఎలా తెలిసిందా అని వందన ఆశ్చర్యపోయింది. "పదకొండు కొట్టంగనే ఎత్తుతం. మీరందరు రావాలె."

"మాకు సూపిస్తరా తల్లీ, ఒక్కసారి?"

"ఎందుకు సూపియ్యం? దగ్గరికి వచ్చి ముట్టుకొని సూడుర్రి. తర్వాత బగారన్నం కూడా ఉంది."

"గప్పుడే బోజనాలు పెడుతున్నరా?" అని పెద్దాయన నీరసంగా ఫోన్ పెట్టేశాడు.

ఎనిమిది లోపల నలభై ఫోన్లు వచ్చాయి. అందరి గొంతులూ భారంగా ఉన్నాయి. పొద్దున్నే పల్లెటూరి గొంతులు అలాగే ఉంటాయనుకుంది వందన. నస్పూర్ బొగ్గు గనుల నుంచి గోపాల్ అనే ఆయన ఫోన్ చేసి, మాట పెగలక, "మేము ఇరవై మందిమి బయలెల్లినం," అని మాత్రం అన్నాడు. బొగ్గుగని కార్మికులు ఎనభై కిలోమీటర్ల నుంచి స్టార్టర్ చూడటానికి వస్తున్నారంటే, ఇక నిషాత్‌కు జీతం పెంచాల్సిందేనని వందన అక్కడికక్కడే అనుకుంది.

తొమ్మిదిన్నరకు ఆమె, నిషాత్ కారులో బయలుదేరారు. కొత్తపల్లి దాటాక మొదటి ఫ్లెక్సీ కనిపించింది. వందన బ్రేకు తొక్కిన తొక్కుకు నిషాత్ ఒళ్లోని కాగితాలన్నీ కింద పడ్డాయి.

ఫ్లెక్సీలో సిద్దిరాములు కళ్లు మూసుకుని ప్రశాంతంగా ఉన్నాడు. ఆయన మెడ చుట్టూ నిండు బంతిపూల దండ. అటొకటి ఇటొకటి వెలుగుతున్న దీపాలు. మూలన ఎగిరిపోతున్న తెల్ల పావురం.

"అక్కా, నేను పావురం పెట్టలే," అంది నిషాత్, ఏడుపు గొంతుతో.

వందన ఫ్లెక్సీలు అచ్చువేసే బాబు మియాకు ఫోన్ చేసింది.

"దండ ఎవరు పెట్టమన్నరు చాచా?"

"నేనే పెట్టిన బిడ్డా," అన్నాడు ఆయన ఆర్ద్రంగా. "పదిహేనేండ్ల సంది గిసొంటివే కొడుతున్న. దండ లేని ఫొటో ఎప్పుడన్న సూసినవా? మీరు దుఃఖంల మర్చిపోయిన్రు అనుకున్న. సిద్దన్న మా మోటరు సుత ఎన్నిసార్లు బాగుచేసిండో. పావురం నా తరఫున పెట్టిన."

ఇరవై ఏళ్లు మోటర్లు బాగుచేసిన మనిషిని ఒక్క వాక్యంతో చంపేశామని వందనకు అప్పుడు అర్థమైంది. సిద్దిరాములుకు ఫోన్ చేస్తే స్విచాఫ్. యాదవ్వకు చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఆమె ఫోన్ ఇంట్లో చార్జింగ్‌కు పెట్టి మరిచిపోయింది. తాళం వేసిన ఇంట్లో పొద్దున్నుంచి ఫోన్ మోగుతూనే ఉండటం విని, వాకిట్లో చేరిన జనం శవాన్ని నేరుగా హాలుకే తెస్తున్నారని తేల్చుకున్నారు.

"ఫికర్ చెయ్యకు," అంది వందన, గేరు మారుస్తూ. "పోయి చెప్తే అయిపాయె."

హాలు ముందు మూడు వందల మందికి తక్కువ లేరు. పూలదండలు, అగరుబత్తులు, ఎవరో తెచ్చిన డప్పులు. లస్మవ్వ అనే ముసలామె గడపలో కూర్చుని, సిద్దిరాములు తన మోటరుకు కొత్త తీగ చుట్టిన నాటి సంగతి రాగం తీసి ఏడుస్తోంది. వందన కారు దిగగానే, కళ్లు ఎర్రబడ్డ మనిషి ఒకడు ఎదురొచ్చాడు. యాదవ్వ తమ్ముడు గోపాల్.

"మా బావ నిజంగనే పోయిండా మేడం?"

"పోయిండు గానీ..." అని వందన మొదలుపెట్టింది. కొండగట్టుకు అనే మాట ఏడుపుల్లో మునిగిపోయింది.

"ఎట్ల పోయిండు?" గోపాల్ నిషాత్ వైపు తిరిగాడు.

"బస్సుల పోయిండు," అంది నిషాత్ గాబరాగా. "యాదక్క కూడ పోయింది."

"బస్సులనే పోయిండట! అక్క సుత పోయిందట!" అని గోపాల్ కూలబడ్డాడు. అప్పటిదాకా ఒకరి కోసం ఏడుస్తున్నవాళ్లు ఇద్దరి కోసం మొదలుపెట్టారు.

సరిగ్గా అప్పుడే తెల్ల కారు వచ్చి ఆగింది. రాకేశ్ దిగి, జనాన్ని చూసి, చలువ కళ్లద్దాలు తీసేశాడు. మళ్లీ పదిహేడు మందే ఉంటారేమోనని భయపడి వచ్చినవాడికి కాలు పెట్టే చోటు లేదు. వందన ఆయన వైపు పరుగెత్తింది గానీ, జనం మధ్య నాలుగడుగులు వేయలేకపోయింది. ఈలోగా ఎవరో ఆయన చేతికి పూలదండ ఇచ్చారు. ఇది ఇక్కడి ఆనవాయితీ కాబోలని రాకేశ్ చెప్పులు విప్పి, వేదిక మీది ఫ్లెక్సీకి దండ వేసి, చేతులు జోడించాడు. జనం మెచ్చుకున్నారు. ఆ మెప్పుతో మైకు అందుకున్నాడు.

"సిద్దిరాములు గారు ఇక ఎప్పటికీ నిద్ర లేవరు," అన్నాడు గర్వంగా. "ఇది పూర్తిగా మా స్టార్టర్ వల్లే సాధ్యమైంది!"

డప్పులవాళ్లు కర్రలు కిందికి దించారు.

"త్వరలో మీలో ప్రతి ఒక్కరికీ ఇదే అనుభవం కలగాలని మా కోరిక."

"షాక్ పెట్టి సంపిన్రురో!" అని వెనకనుంచి ఒక కేక లేచింది. గోపాల్ లేచాడు. అతని వెనక ఇరవై మంది గని కార్మికులు లేచారు. రాకేశ్ మైకును రెండు చేతులా పట్టుకుని వెనక్కి జరిగాడు. వందన ఎలా ఎక్కిందో తెలియదు, వేదిక మీదికి ఎక్కి, ఆయన ముందు నిలబడింది.

"ఆగుర్రి! తప్పు ఈ సారుది కాదు, నాది. సిద్దన్నకు ఏం గాలే. మేము రాసింది తప్పు రాసినం. సిద్దన్న బతికే ఉన్నడు!"

ఎవరూ నమ్మలేదు. పాపం, బాధతో మతి చలించిందని ముందు వరుసలో ఒకామె కన్నీళ్లు తుడుచుకుంది.

అదే సమయానికి హాలు వెనక గుమ్మంలో నున్నటి గుండుతో ఒక మనిషి, పక్కన ప్రసాదం సంచితో ఒక ఆడమనిషి వచ్చి నిలబడ్డారు. లస్మవ్వ కళ్లు చికిలించి చూసింది. "తమ్ముడు కావొచ్చు. గప్పుడే గుండు సుత కొట్టిచ్చుకున్నడు," అంది.

గుండు మనిషి ముందున్నవాడి భుజం తట్టాడు. "ఎవలు పోయిన్రే?"

"సిద్దిరాములు. మంచి మనిషి," అన్నాడు వాడు వెనక్కి తిరగకుండానే.

"అయ్యో! ఏ ఊరి సిద్దిరాములు?"

వాడు విసుగ్గా వెనక్కి తిరిగాడు. తిరిగినవాడు అలాగే కుర్చీలోకి జారిపోయాడు. సిద్దిరాములు అప్పుడు తలెత్తి, వేదిక మీద తన ఫొటో, దానికి అసలు దండలు, అచ్చు దండ, పావురం చూశాడు.

నోరు ముందు యాదవ్వకు వచ్చింది. జనం రెండుగా చీలి దారి ఇచ్చారు. "ఓ వందనమ్మా! ఈయన పాణం సల్లగుండాలని నేను కొండమీద మొక్కుతుంటె, గీడ మీరు దండేసిన్రా? ఎవల్నడిగి ఏసిన్రు? ఫొటో తీసేటప్పుడు నన్నొక్క మాట అడిగిన్రా?"

వందన ప్రకటనకు పనికొచ్చే ముఖమని చూసింది గానీ, ఆ ముఖానికి ఒక ఇల్లు ఉందని చూడలేదు. మైకులోనే, మూడు వందల మంది వింటుండగా, "తప్పయింది యాదక్కా," అంది.

సిద్దిరాములు ఫ్లెక్సీని మెల్లగా కూడబలుక్కుని చదివాడు. "రాసింది మంచిగనే ఉన్నది," అన్నాడు తల నిమురుకుంటూ. "మతలబే జర ఎక్కువైంది." ఎవరో ఫక్కున నవ్వారు. ఆ నవ్వు కిటికీల దాకా పాకింది. గోపాల్ బావను కౌగిలించుకుని ఏడుస్తూనే నవ్వాడు.

సిద్దిరాములు మైకు తీసుకున్నాడు. ఉపన్యాసం చెప్పడం ఆయనకు రాదు. "నేను సావలే. రాత్రిపూట లేస్తలేను, గంతే. నాలుగు నెలల సంది నా బాయికాడ ఈ డబ్బ పెట్టిన. రెండుసార్లు ఖరాబైంది, నేనే సక్కజేసిన. మీకు ఖరాబైతె సుత నేనే వస్త." ఫోన్ ఆన్ చేసి, వరసగా వచ్చిన నూటపన్నెండు మిస్డ్ కాల్ మెసేజీలు పక్కకు నెట్టి, స్టార్టర్ బటన్ నొక్కాడు. తర్వాత పక్క పొలం రాయమల్లుకు వీడియో కాల్ చేశాడు. "అన్నా, మా మోటరు తిరుగుతున్నదా?"

తెరమీద రాయమల్లు నీళ్లు దూకుతున్న పైపును చూశాడు, గుండును చూశాడు. "తిరుగుతున్నది గని, సచ్చినంక సుత మోటరు ఫికరేనా నీకు?" అన్నాడు.

ఆ మధ్యాహ్నం నూట నలభై మంది పేర్లు రాయించుకున్నారు. స్టార్టర్ ఎంతకాలం పనిచేస్తుందని ఎవరూ అడగలేదు, సిద్దిరాములు ఎప్పుడు వస్తాడని అడిగారు. రాకేశ్ చొక్కా సర్దుకుని, "మేడం, ఆదిలాబాద్ వైపు కూడా మీరే చేయండి. ఇదే ఐడియా!" అన్నాడు.

"చేస్తం సార్. ఫ్లెక్సీలు మాత్రం ఉండవు. సిద్దన్నే ఊరూరా పోతడు. కాగితం మీద ఏ మాట రాసినా ముందు యాదక్క చదువుతది," అంది వందన. రాకేశ్ యాదవ్వ ముఖం చూసి వెంటనే ఒప్పుకున్నాడు.

అందరూ తిని పోయాక గోపాల్ నసుగుతూ వందన దగ్గరికి వచ్చాడు. బావ పోయిండని చెప్పి ఇరవై మందికి సెలవు పెట్టించాడట. రేపు గని మేనేజరుకు ఏం చెప్పాలో తెలియడం లేదట. మాటల పని చేసే ఆఫీసు కాబట్టి ఒక ఉత్తరం రాసివ్వమన్నాడు.

వందన తన ఆఫీసు పేరున్న కాగితం తీసి, సంతకం, ముద్ర వేసి ఇచ్చింది: "గోపాల్ గారి బావగారు ఈ ఉదయం మరణించిన మాట వాస్తవమే, భోజనాల వేళకు కోలుకున్నారు."