మూడో ప్రెసిడెంటు కొన్న తివాచీ

టోస్టుకు వెన్న రాస్తూనే డార్లీన్ ప్రూయిట్ ఆ ఉదయం తన పాఠాన్ని మొగుడి మీద ప్రయోగించి చూసింది. ఒహాయోలోని ఆ చిన్న ఊరి బడిలో ఐదో తరగతి టీచరుగా ఆమెకిది మొదటి ఏడాది. మందుల షాపు కౌంటర్లో సగం జీవితం నిలబడ్డాక, జుట్టు నెరుస్తున్న వేళ దొరికిన ఉద్యోగం. ప్రిన్సిపల్ హాస్కెల్ ఇవాళ క్లాసుకొచ్చి పాఠం వింటాడు. నచ్చితే వచ్చే ఏడాది కూడా ఉంచుతాడు. నచ్చకపోతే మళ్ళీ దగ్గుమందు సీసాలే గతి.

"క్లాసే కొత్త దేశమన్నమాట. ముగ్గురు పిల్లలు వరసగా ప్రెసిడెంట్లు. మొదటివాళ్ళు ఏం చేస్తే అదే తర్వాతవాళ్ళకి ఆనవాయితీ అవుతుందని వాళ్ళకే అర్థమవ్వాలి. ఇప్పుడు నువ్వే దేశం, రాయ్. నీకేం కావాలో అడుగు."

"దేశానికి ఇంకో కప్పు కాఫీ కావాలి," అన్నాడు రాయ్ పేపర్లోంచి తలెత్తకుండా.

క్లాసులో మొదటి ప్రెసిడెంటుగా పిల్లలు ఇమోజెన్‌ను ఎన్నుకున్నారు. ఎప్పుడూ నోరు విప్పని పిల్ల. ప్రమాణం చేసింది, కుర్చీలో కూర్చుంది, మరుక్షణం "నాకిక చాలు టీచర్, దిగిపోతున్నా" అంటూ బయటికి పరుగుతీసింది.

డార్లీన్ పొంగిపోయింది. "చూశారా! మన మొదటి ప్రెసిడెంటు వాషింగ్టన్ కూడా అంతే. ఇంకా ఉండమని జనం అడుగుతున్నా, రెండు దఫాలు చాలని తనంతట తానే దిగిపోయాడు."

ఇమోజెన్ పరుగెత్తింది బాత్రూముకని ఆమెకు తెలియదు. పిల్లలందరికీ తెలుసు.

రెండో ప్రెసిడెంటు వెండెల్ ప్రమాణం ముగించి వెంటనే లేచాడు.

"ఎక్కడికి బాబూ?"

"బాత్రూముకి టీచర్."

"అంత అర్జెంటా?"

"అబ్బే, నాకు రావట్లేదు. ఆనవాయితీ కదా అని."

వాడి వెనకే మంత్రులుగా కూర్చున్న పిల్లలు కూడా బయలుదేరారు. ప్రిన్సిపల్ వచ్చే వేళకు సగం ప్రభుత్వం బాత్రూములో ఉంటే ఎలాగని డార్లీన్ కంగారుగా వాళ్ళను పోగుచేయడానికి వరండాలోకి పరుగెత్తింది.

ఈలోగా మూడో ప్రెసిడెంటు తబితా తన ప్రమాణం తానే చేసేసుకుంది. అప్పట్లో అమెరికా మూడో ప్రెసిడెంటు ఫ్రాన్సు నుంచి బోలెడంత భూమి కారుచౌకగా కొని దేశాన్ని రెండింతలు చేశాడని టీచరు నిన్ననే చెప్పింది. పక్కగదిలో నాలుగో తరగతి. వాళ్ళ టీచరు మిసెస్ క్రూగర్ ఆఫీసుకు వెళ్ళింది. ఆ గదిలో నీలంరంగు తివాచీ ఉంది. దాని మీద చెప్పులతో అడుగుపెట్టిన పిల్లవాడు ఆ బడిలో ఇంతవరకు లేడు.

మంత్రివర్గాన్ని తోలుకుంటూ డార్లీన్ తిరిగొచ్చేసరికి తివాచీ సరిహద్దు దాటుతోంది. ఒక కొసన పట్టుకుని పదిమంది లాగుతున్నారు. రెండో కొసన ఫెలిసియా అనే నాలుగో తరగతి పిల్ల పుస్తకంతో సహా కూర్చుని ఉంది, లేవనని. సరిగ్గా అప్పుడే గుమ్మంలో హాస్కెల్ ప్రత్యక్షమయ్యాడు. ఆయన వెనక మిసెస్ క్రూగర్.

"నా తివాచీ!"

"కొనుక్కున్నాం మేడమ్," అంది తబితా మర్యాదగా.

"ఎవరమ్మారు?"

"మీ దేశంవాళ్ళే. రెండు సంచుల ప్రెట్జెల్ బిస్కెట్లకి. చాలా చవగ్గా వచ్చింది."

"నన్నెవరూ అడగలేదు," అంది ఫెలిసియా. "నేను దీని మీద కూర్చుని చదువుకుంటుంటే లాక్కొచ్చారు. ఒక్క ప్రెట్జెల్ కూడా ఇవ్వలేదు."

తబితా ముఖం చిన్నబోయింది. "ఆ భూమి కొన్నప్పుడు కూడా అక్కడున్నవాళ్ళని అడగలేదా టీచర్?"

ఉద్యోగం ఎలాగూ పోయింది, నిజమైనా చెప్పి పోదామనుకుంది డార్లీన్. "అడగలేదమ్మా. అమ్మినవాళ్ళూ కొన్నవాళ్ళూ సంతకాలు చేసుకున్నారు. తరతరాలుగా అక్కడే బతుకుతున్నవాళ్ళని ఎవ్వరూ అడగలేదు. పాపం, అదీ ఆనవాయితీ అయిపోయింది."

హాస్కెల్ కూర్చోవడానికి చోటు వెతుక్కుని, ఖాళీగా ఉన్న ఒకే ఒక్క పెద్ద కుర్చీలో కూలబడ్డాడు. అది ప్రెసిడెంటు కుర్చీ.

"ప్రమాణం చెయ్యాలి సార్," అన్నాడు వెండెల్.

"నేనెప్పుడో చేశానయ్యా," అని నవ్వాడు హాస్కెల్. "ఈ బడికి ప్రెసిడెంటుని నేనేగా."

"ఎన్నేళ్ళనుంచి సార్?" అంది ఇమోజెన్. ఆ ఏడాది ఆ పిల్ల అడిగిన మొదటి ప్రశ్న అదే.

"పందొమ్మిదేళ్ళు."

పిల్లలు వేళ్ళు ముడిచి లెక్కలు కట్టారు. ఇమోజెన్ సానుభూతిగా చూసింది. "వాషింగ్టన్ ఎనిమిదేళ్ళకే దిగిపోయాడు. మిమ్మల్ని ఉండమని అందరూ బతిమాలారా సార్?"

హాస్కెల్ మిసెస్ క్రూగర్ వైపు చూశాడు. మిసెస్ క్రూగర్ తివాచీ వైపు చూసింది.

వెళ్ళిపోతూ ఆయన డార్లీన్ దగ్గర ఆగాడు. "మీ ఉద్యోగం ఖాయం, మిసెస్ ప్రూయిట్. ఆ ప్రశ్న నన్ను మా ఆవిడ తప్ప ఇంకెవరూ అడగలేదు."

అన్న మాట ప్రకారం ఆమె కాగితాల మీద సంతకం పెట్టాడు. అదే వారం, ఏడాది చివర పదవి నుంచి తప్పుకుని సరస్సు ఒడ్డున చేపలు పట్టుకుంటానని ప్రకటించాడు. డార్లీన్ కేకు తెచ్చి స్టాఫ్ రూములో అందరికీ పంచింది. తినడం ఇంకా పూర్తికాలేదు, స్కూలు బోర్డు వాళ్ళ కబురొచ్చింది: కొత్త ప్రిన్సిపల్ మిసెస్ క్రూగర్.

అధికారం చాలా ప్రశాంతంగా చేతులు మారింది. ఒక్క డార్లీన్‌కే గొంతులో కేకు అడ్డంపడింది.