ముక్తేశ్వరంలో సమురాయ్ మర్యాద

ఆ ఉదయం ముక్తేశ్వరం భీమరాజుగారు అనుకున్నది ఒక్కటే. జపాన్ నుంచి వస్తున్న ఇంజనీరుకి కడుపునిండా భోజనం పెట్టి, తోట చూపించి, మర్యాదగా సాగనంపాలి. కొబ్బరి పీచు తీసే మిషను షెడ్డు ఎక్కడ కట్టాలో ఆ ఇంజనీరే తేల్చాలి. అది తమ తోటలోకి వస్తే ఊళ్ళో ఆడవాళ్ళందరికీ పని దొరుకుతుందని ఆయన భార్య పద్మావతి అప్పుడే వీధి వీధంతా మాటిచ్చేసింది.

"జపాను వాళ్ళకి మర్యాద ఎలా చెయ్యాలో మనకేం తెలుసే?" అని ఆయన కంగారు పడుతుంటే, పదేళ్ళ మనవరాలు సత్యప్రియ టీవీ ముందు నుంచి లేవకుండానే, "నాకు తెలుసు తాతయ్యా. వాళ్ళందరూ సమురాయ్‌లు" అంది.

"అంటే?"

"కత్తి పట్టిన వీరులు. ఇలా కూర్చో, చూద్దువుగాని."

ఆయన కూర్చున్నారు. తెర మీద ఎర్రబట్టల కుర్రాడొకడు రాక్షసుడితో తలపడుతున్నాడు. వెనక నుంచి కొట్టే వీలు దొరికినా కొట్టలేదు. "ఇటు తిరుగు" అని పిలిచి మరీ కొట్టాడు. ఇచ్చిన మాట కోసం జోరువానలో కొండెక్కాడు. గురువుగారి ముందు నేలకు నుదురు ఆనించాడు. భీమరాజుగారి చేతిలో కాఫీ చల్లారిపోయింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి కొబ్బరి తోటల్లో తిరిగిన మనిషికి, భూమ్మీద ఇలాంటి వాళ్ళున్నారని ఎవరూ చెప్పనేలేదు.

"అబ్బ! మనిషి పుట్టుకంటే అదీ" అన్నారు ఒళ్ళు జలదరించి. "మరి ఇంటికొచ్చిన వీరుడికి ఏం చేస్తారమ్మా?"

"ఇంటాయన తన కత్తి రెండు చేతులతో ఎత్తి ఇస్తాడు. ఇచ్చేముందు దాని పేరు గట్టిగా అరవాలి."

ఇంట్లో ఉన్నది బొండాలు కొట్టే కత్తి. దానికి పేరంటూ లేదు. తాతా మనవరాలూ కూర్చుని ఆలోచించి 'గోదావరి గర్జన' అని పెట్టారు.

ఎండెక్కేసరికి ఆటో వచ్చి కాలవగట్టున ఆగింది. ముందు భీమరాజుగారి మేనల్లుడు నాగసతీష్ దిగాడు. ఆ మిషను పెడుతున్న పీచు కంపెనీలో పనిచేసేది అతనే. వెనక, కళ్ళజోడు పెట్టుకున్న ఓ సన్నపాటి ఆవిడ దిగారు. ఇంజనీరు అవోకిగారు ఆవిడే. మగమనిషి వస్తాడనుకున్న భీమరాజుగారు కాస్త తటపటాయించారు. వీరుల్లో ఆడేమిటి మగేమిటని సర్దుకుని, కత్తి నెత్తిమీదికెత్తి, పరుగున ఎదురెళ్ళి, "గోదావరి గర్జనా!" అని పొలికేక పెట్టారు.

ఆవిడ ఓ అడుగు వెనక్కి వేశారు. ఇంకో అడుగు వెయ్యబోతే అక్కడ గట్టు లేదు. కాలవలో పీచు కోసం నెలల తరబడి నానేసిన కొబ్బరి డొక్కల మధ్య నడుంలోతు నీళ్ళలో పడ్డారు. ఆ నీళ్ళ కంపు సంగతి ఊళ్ళోకి వచ్చే కొత్తకోడళ్ళకి పెళ్ళికి ముందే చెప్పి ఒప్పిస్తారు.

"అయ్యయ్యో, పడిపోయేరండీ!" అంటూ భీమరాజుగారు చెయ్యందిద్దామని తనూ దూకేశారు. కంగారులో కత్తి మాత్రం వదల్లేదు. అది చూసి ఆవిడ మొహం పాలిపోయింది.

ఉద్యోగం పోయిందనుకున్న నాగసతీష్ నోటికొచ్చింది ఇంగ్లీషులో అనేశాడు. "భయపడకండి మేడమ్! ఇది మా ఊరి ఆచారం. గొప్పవాళ్ళొస్తే కాలవలో దింపి గౌరవిస్తాం."

ఆవిడ ఆ మాట నమ్మారు. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. చేతులు పక్కలకు ఆనించి, నడుం వంచి నమస్కరించి, ముక్కైనా మూసుకోకుండా మూడు మునకలు వేశారు.

భీమరాజుగారు నిర్ఘాంతపోయారు. కత్తి అందుకునే ముందు సమురాయ్‌లు స్నానం చేస్తారు కాబోలు! ఆయనా మూడు మునిగారు. ఇంటాయన మునిగారని మర్యాద కోసం ఆవిడ మళ్ళీ మునిగారు. ఆవిడ మునిగారని ఆయన మళ్ళీ. గట్టున జనం పోగయ్యారు. "జపానోళ్ళకి పుష్కరాలేటండీ?" అన్నాడు పక్కతోట అమ్మిరాజు. "అలాగే ఉందండి, ఆయ్" అని ఇద్దరు ముసలమ్మలు చెంగులు బిగించి దిగిపోయారు. పద్మావతి పరుగెత్తుకొచ్చి, "ఏవండీ, బుద్ధుందా? ఆవిణ్ణి పైకి తీసుకురండి!" అని కేకేసేదాకా ఎవరూ ఆగలేదు.

శుభ్రంగా తలంటుకుని, పద్మావతి చీర కట్టుకుని, అవోకిగారు విస్తరి ముందు కూర్చున్నారు. ఈ ఆచారం పేరేమిటని అడిగారు. నాగసతీష్ ఆ ప్రశ్న తెలుగులో చెప్పి విస్తరి మీదికి వంగాడు. దాచడం చేతకాని సత్యప్రియ టీవీ పెట్టి చూపించింది. ఆవిడ కాసేపు చూసి, నోటికి చెయ్యడ్డం పెట్టుకుని, కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారు. తర్వాత ఆవిడ చెప్పింది నాగసతీష్ ఈసారి ఉన్నదున్నట్టు తెలుగులో చెప్పాడు. ఒకప్పటి సమురాయ్ పరాయి ఇంటికెళితే పెద్ద కత్తి గుమ్మం దగ్గరే అప్పగించేవాడట. అతిథి ఎదుట కత్తి దూయడాన్ని మించిన అమర్యాద లేదట. కేకలు పెట్టి కొట్టడం టీవీవాళ్ళ సరదాయట. యుద్ధాలు ఆగిపోయాక తరాల తరబడి చాలామంది సమురాయ్‌లు ఆఫీసుల్లో కూర్చుని రాతకోతలు చూసుకున్నారట.

"గుమస్తాలా?" అన్నారు భీమరాజుగారు నీరసంగా.

సత్యప్రియ టీవీ కట్టేసింది. "అయితే అంతా అబద్ధమేనా?"

"అంతా కాదు" అన్నారు అవోకిగారు. "మాట తప్పకూడదు, ఎదుటివాళ్ళని చిన్నబుచ్చకూడదు అని వాళ్ళు పిల్లలకి నేర్పిన మాట నిజం. అందరూ అలాగే బతికారని కాదు. బతకాలనుకున్నారు. టీవీలో చూపించేది ఆ అనుకున్నదే."

"మరి ఆ కంపులో మీరెందుకు మునిగేరండీ?" అని భీమరాజుగారు ఉండబట్టలేక అడిగారు.

"మీ ఆచారం అన్నారు కదా. మీరు నీళ్ళలో నిలబడి ఉంటే, నేను ముక్కు మూసుకుని గట్టెక్కడం ఏం మర్యాద?"

తన భార్య చీరలో, అన్నం కలుపుకుంటున్న ఆ సన్నపాటి మనిషిని ఆయన రెప్పవెయ్యకుండా చూశారు. చేతిలో కత్తి లేదు, నోట్లో కేక లేదు. కొండలెక్కడం ఎవరైనా ఎక్కుతారు, డొక్కల నీళ్ళలో మూడు మునకలు ఎవరు వేస్తారు? ఒళ్ళంతా గగుర్పొడిచింది. ఎవరూ నేర్పకుండానే ఆయన తల వంగింది.

"తాతయ్యా, ఇలాంటిది సీరియల్లో రాలేదు" అని సత్యప్రియ గుసగుసగా అంది.

"రాదమ్మా. తియ్యడం వాళ్ళ వల్ల కాదు."

వెళ్ళేముందు అవోకిగారు షెడ్డు ఈ తోటలోనే అని తేల్చేశారు. కాలవకి మాత్రం బాగా దూరంగా కట్టమన్నారు.