పాట పాడి తెచ్చుకున్న బోరు

దేశ చరిత్రను ఇకపై పాటల ఆధారంగానే రాయాలని నిర్ణయించినట్లు రాజధాని లిలోంగ్వేలో దేశభక్తి గేయ చరిత్ర సంఘం వారు ప్రకటించగానే మా నంగోమా గ్రామ ప్రజలమంతా హర్షం వెలిబుచ్చాం. విషయం ఏమిటో తర్వాత తెలిసింది. పాత కాగితాలను చెదలు తిన్నాయట. చెదలు వదిలేసిన వాటిని వాన తడిపిందట. ఆ రెండూ వదిలేసిన వాటిలో ఉన్నది పెద్దలకు నచ్చలేదట. మనుషులను అడుగుదామంటే ముసలివాళ్లకు అన్నీ గుర్తుండటం మరీ ఇబ్బందిగా ఉంది. ఇక మిగిలింది పాట. పాట అబద్ధం చెప్పదని సంఘాధ్యక్షులు డాక్టర్ వైక్లిఫ్ కజోంబాగారు రేడియోలో సెలవిచ్చారు.

పని మొదలుపెట్టిన కొద్దికాలానికే గొప్ప సత్యాలు బయటపడ్డాయి. మనం ఏ యుద్ధంలోనూ ఓడిపోలేదు. ఓడిపోయినట్టు పాట ఒక్కటీ దొరకలేదు మరి. తెల్లదొరలు మన ఆడవాళ్ల నాట్యం చూసి జడుసుకుని ఓడెక్కేశారు. అందరూ కరువు అనుకుంటున్న ఏడాది మొక్కజొన్న కంకులు ఏనుగు దంతాలంత పెరిగాయి. ఆ ఏడాది మా నాన్న అడవి దుంపలు తిని బతికాడు. కొత్త చరిత్ర చదివి వినిపించాక ఆయన తన జ్ఞాపకశక్తి మీద నమ్మకం వదులుకున్నాడు.

మా ఊరి సంగతి అర్థం కావాలంటే మా వైపు మర్యాద ఒకటి చెప్పాలి. ఏదైనా కావాలని నోరు తెరిచి అడగడం మాకు సిగ్గుమాలిన పని. ఇచ్చేశారనుకుని ముందే చప్పట్లు కొట్టి కృతజ్ఞత చెప్పుకోవాలి. ఎదుటివాడికి సిగ్గుంటే ఇస్తాడు. తాతల కాలం నుంచి కోళ్లూ మేకలూ మా ఊళ్లో ఇలాగే చేతులు మారుతున్నాయి, ఎవరికీ ఏ లోటూ రాలేదు.

నా చిన్నతనంలో ఒక మంత్రిగారు వచ్చారు. షిరే నదిలో మొసళ్ల మధ్య నీళ్లు ముంచుకునే మా ఊరికి బోరు కావాలి. కాబట్టి రోట్లో మొక్కజొన్న దంచే ఆడవాళ్లలో గొంతున్న నాచిసాలే మర్యాదగా పాట కట్టింది.

పిడి నొక్కగానే పాలధార
నంగోమా గుండెలో నీ దయధార
మొసలి తల్లీ, ఇక సెలవు సెలవు
మంత్రి తవ్వించెను తీపి నీళ్ల నెలవు

మంత్రిగారు విన్నారు, రెండడుగులు ఆడారు, కోడికూరతో మొక్కజొన్న పిండి న్సిమా ముద్దలు తిన్నారు. పట్నంలో చదువుకున్న మనిషి కావడంతో మా మర్యాద తెలియక, నిజంగానే తవ్వించానేమో అనుకుని సంతోషంగా వెళ్లిపోయారు. మేము ఇంకా నదికే వెళుతున్నాం. నాచిసాలే ఇప్పుడు అవ్వ అయింది. ఆమె మనవరాలు ఎనెలెసి బకెట్ ఎత్తుకునే వయసుకు వచ్చింది. పోయిన వానల్లో మొసలి ఎనెలెసి నడుముకు చుట్టుకున్న గుడ్డ పట్టుకుపోయింది. గుడ్డతో సరిపెట్టుకోవడం దాని మంచితనం.

డాక్టర్ కజోంబాగారు రికార్డరుతో మా ఊరు దయచేసినప్పుడు ఆహ్వాన సంఘం కార్యదర్శి హోదాలో ఆ పాట పాడించింది నేనే. అంత మంచి పాట మా దగ్గర ఇంకొకటి లేదు. ఆయన కళ్లద్దాలు తీసి కన్నీరు తుడుచుకున్నారు. “సోదర సోదరీమణులారా, ఇది పాట కాదు, చరిత్ర అనే ఇంటికి కిటికీ. ఈ కిటికీలోంచి నాకు బోరు కనిపిస్తోంది” అన్నారు. మేమంతా అటు తిరిగి చూశాం. మాకు మేకలు కనిపించాయి. దృష్టిదోషం మాదేనని సరిపెట్టుకున్నాం.

ఆ నెలలోనే, ఊరికో బోరు చొప్పున తవ్వుకుంటూ వస్తున్న లారీ మా ఊరికి బయలుదేరింది. నిజం లారీయే. పొలిమేర దాకా వచ్చి ఆగింది. నీటి అధికారి జోసమ్ దిగాడు.

“అవ్వా, కొత్త చరిత్ర ప్రకారం మీ ఊళ్లో ఆల్రెడీ బోరుందట కదా. రెండోది వేస్తే పైవాళ్లు నా తోలు ఒలుస్తారు.”

“ఎక్కడుంది నాయనా? నీకు కనబడితే నాక్కూడా చూపించు. ఈ పిల్ల రోజూ మొసలికి మొహం చూపించి వస్తోంది.”

“నన్నడుగుతావేంటి? పాడింది నువ్వేగా. ఇదుగో, నీ గొంతే” అని జోసమ్ ఫోన్లో పాట పెట్టాడు.

“అమ్మమ్మా, నువ్వు గొంతు కలపకు. కలిపావంటే ఇంకోసారి ఒప్పుకున్నట్టే” అని ఎనెలెసి చెవిలో చెప్పింది. కానీ పాలధార దగ్గర రాగం పైకి లేచింది. అవ్వ కూడా లేచింది. వెనక ఉన్న ఆడవాళ్లంతా వంత పాడారు. జోసమ్ దాన్నీ రికార్డు చేసుకున్నాడు. లారీ వెనక్కి తిరిగింది.

“ఏం చెయ్యమంటావే, పాట అక్కడికొచ్చేసరికి నోరు ఆగలేదు” అంది అవ్వ. ఎనెలెసి బకెట్ ఎత్తుకుని నదికి బయలుదేరింది.

పాట చెప్పినదాన్ని పాటే కాదనాలని సంఘం నియమం. అవ్వ రాత్రింబగళ్లు కూర్చుని కొత్త పాట కట్టింది: బోరు లేదు, ఏనాడూ లేదు, ఉన్నది మొసలి ఒక్కటే అని. మేమంతా లిలోంగ్వే దాకా బస్సులో వెళ్లి సంఘం ముందు పాడించాం. డాక్టరుగారు ఓపిగ్గా విన్నారు.

“రాగం బాగుంది తల్లీ. కానీ ఇందులో జెండా ఏది? పూర్వీకులేరి? దీన్ని కల్పిత సాహిత్యం కింద భద్రపరుస్తాం.”

ఉన్న మొసలి కల్పనలోకీ, లేని బోరు చరిత్రలోకీ వెళ్లాయి. ఏ వస్తువు ఎక్కడ సర్దాలో తెలిసిన సంఘం దొరకడం ఏ దేశానికైనా అదృష్టమే.

తిరుగు బస్సులో అవ్వకు ఉపాయం తట్టింది. “పోయిందని పాడితే? పోతే కొత్తది ఇస్తారు కదా?” అంది. అలా మూడో పాట పుట్టింది. నది అవతలి దేశం వాళ్లు చీకట్లో పడవల మీద వచ్చి మా బోరును పీకి ఎత్తుకుపోయారు. ఈసారి జెండా ఉంది, నెత్తురు ఉంది, పూర్వీకులు ప్రతి చరణంలో ఉన్నారు. డాక్టరుగారు నిలబడి విన్నారు. రేడియోలో ఆ పాట పొద్దున్నా సాయంత్రమూ మోగింది. మా ఊరి పేరు ఎన్నడూ వినని కుర్రాళ్లు మా బోరు కోసం ప్రాణమిస్తామని బజార్లలో ప్రమాణం చేశారు.

సైనికులు వచ్చారు. బోరు ఎక్కడ ఉండేదని అడిగితే బడి వెనక మేకలు కట్టే చోటు చూపించాం. చుట్టూ కంచె వేసి జెండా పాతారు. మరి కొత్త బోరు ఎప్పుడు వేస్తారని అవ్వ అడిగింది.

“కొత్తది వేస్తే శత్రువు చేసిన ద్రోహం మాసిపోదా అవ్వా? ఖాళీ స్థలమే మనకు సాక్ష్యం” అన్నాడు కెప్టెన్. న్యాయమే అనిపించింది.

సైనికులకు స్నానాలుంటాయి, వంటలుంటాయి, దాహం ఉంటుంది. ఊరి ఆడవాళ్లు ఇదివరకు పొద్దున్నే నదికి వెళ్లేవారు, ఇప్పుడు మధ్యాహ్నం కూడా వెళుతున్నారు. “మనం పాడకుండా ఉండుంటే సగం నీళ్లు మోసేవాళ్లం” అని ఎనెలెసి అంటుంది. చిన్నపిల్ల, దానికి త్యాగం గురించి ఇంకా తెలియదు.

నిన్న బోరు సంస్మరణ దినం జరిగింది. పట్నం నుంచి అతిథులు కార్లలో వచ్చారు. ఎనెలెసి తెచ్చిన బకెట్లోంచి డాక్టరుగారు గ్లాసెడు తాగి, “ఈ మట్టి నీళ్లలో స్వాతంత్ర్యపు రుచి ఉంది” అన్నారు. అందరికీ ఆ రుచి చూడాలనిపించింది. బకెట్ ఖాళీ అయింది. అప్పుడే బోరు ఎత్తుకుపోయిన పాట మొదలైంది. ఆ పాట నడిచినంతసేపూ ఎవరూ కదలకూడదని చట్టం.

“నీళ్లు తెచ్చేవాళ్లు కదలొచ్చు” అన్నాడు కెప్టెన్ చిన్నగా.

మా ఆడవాళ్లు నదికి గుంపుగా వెళతారు. ఇద్దరు కర్రలతో నీళ్లు బాదుతూ మొసలిని అదిలిస్తుంటే మిగతావాళ్లు ముంచుకుంటారు. కానీ నిన్న మిగతావాళ్లంతా పాడుతున్నారు. ఎనెలెసి ఒక్కతే ఖాళీ బకెట్ ఎత్తుకుని కంచె దాటింది. పాడుతున్న నాచిసాలే అవ్వ బుగ్గల మీదుగా కన్నీళ్లు జారాయి. అది గమనించి డాక్టరుగారు రికార్డరు ఆమె దగ్గరికి జరిపారు.

పాట పెద్దది. నేను కూడా చేతులు గుండెకు ఆనించుకుని, కదలకుండా, చివరిదాకా పాడాను.