ముత్యవ్వ హ్యాంగర్లు, అధ్యక్షుల వారి ఊట

సౌదీలో అల్ ఖోబర్‌లోని మా హాస్టల్‌కు నీటి కొరత శాశ్వతంగా తీర్చేస్తున్నట్టు గల్ఫ్ తెలుగు ఐక్య సేవా సమితి అధ్యక్షులు సదానందం గారు ఒక శుక్రవారం ప్రకటించారు. ప్రకటించేటప్పుడు ఆయన చేతిలో మేమిచ్చిన టీ ఉంది. ఆ రోజుకు మా దగ్గరున్న నీళ్లు ఆ టీతో అయిపోయాయి.

మేమంతా ఆసుపత్రిలో నేల తుడిచే ఆడవాళ్లం. హాస్టల్‌కు వారానికొక వైట్ వస్తుంది. నీళ్ల ట్యాంకర్‌ను ఇక్కడ అందరూ అలాగే అంటారు. అది నేలకింద తొట్టి నింపి పోతుంది. వారం సగం కాకముందే తొట్టి అడుగంటుతుంది. ఉతకని యూనిఫాంతో డ్యూటీకి పోతే సూపర్‌వైజర్ మేడం ఆసుపత్రి గేటు దగ్గరే వెనక్కి పంపి ఆబ్సెంట్ వేస్తుంది. అందుకని రెండో వైట్ కావాలని మా వసతి చూసే కంపెనీ ఆఫీసర్ కాషిఫ్ సార్‌ను అడిగాం. ఆయన హైదరాబాదీ. "మీ సమితి ప్రెసిడెంట్‌తో ఒక్క కాల్ చేయించండి. అది చూపించి అప్రూవల్ తీసుకుంటా" అన్నారు.

ఆ ఒక్క కాల్ కోసమే సదానందం గారిని పిలిచాం.

గేటు మీద మగవాళ్లు లోపలికి రాకూడదని బోర్డు ఉంది. మా కేర్‌టేకర్ మదార్బీ కడప మనిషి. ఆమె బోర్డు చూపించింది.

"నేను మగోణ్ణి కాదమ్మా. అధ్యక్షుణ్ణి" అన్నారు సదానందం గారు.

మదార్బీ బోర్డు మరోసారి చదువుకుంది. గేటు తీసింది.

ఫోన్ సంగతి చెప్పగానే ఆయన నొచ్చుకున్నారు. "నా స్థాయికి ఫోన్‌తో అయ్యే పని చెప్తరా? ట్యాంకర్ అంటే ఒకరి మీద ఆధారపడుడు. మీకు గ్రౌండ్ వాటర్ ఇస్తా. సెల్ఫ్ సఫిషియెన్సీ. రెండు హ్యాంగర్లు తెండ్రి."

ఇనుప తీగ హ్యాంగర్లు మా గదిలో ఉండే ముత్యవ్వ దగ్గరే ఉన్నాయి. యూనిఫాం వాటికే తగిలిస్తుంది. "పని అయినంక నాయి నాకియ్యాలె సారూ. బట్ట నలిగితే మేడం ఊకోదు" అని ఇచ్చింది.

ఆయన వాటిని పట్టకారుతో సాఫు చేసి, ఒక కొస వంచి, వంచిన కొసలను రెండు ఖాళీ బాల్‌పెన్ గొట్టాల్లో దూర్చారు. గొట్టాలు పిడికిట్లో పట్టుకుంటే తీగలు ఎటుపడితే అటు తిరుగుతాయి. కింద నీళ్లుంటే ఒకదానిమీదొకటి అడ్డంగా పడతాయట. ఇంజనీర్లు ఏళ్ల తరబడి చదివి చేసే పనిని ఆయన ఏ చదువూ అడ్డు రాకుండా చేశారు.

"సైన్స్ అన్నంక టెస్టింగ్ ఉండాలె" అని మా బకెట్లన్నీ వరసగా పెట్టించారు. ఒకదాంట్లో మాత్రం ఏసీ నుంచి కారితే పట్టిన నీళ్లున్నాయి. అన్నిటిమీదా పళ్లాలు మూయించి, కళ్లు సగం మూసుకుని నడిచారు. ఒక బకెట్ మీద తీగలు అడ్డంగా పడ్డాయి. మదార్బీ పళ్లెం ఎత్తింది.

"ఏముండాది సార్ ఇందులో? గాలి."

"బకెట్ల ఎవరు దేవులాడిండ్రమ్మా? బకెట్ కింద ఉన్నదాన్ని పట్టింది."

మదార్బీ బకెట్ ఎత్తింది. కింద టైల్ ఉంది.

"టైల్ కింద" అన్నారు.

మేము చప్పట్లు కొట్టాం. ఆయన వెంట వచ్చిన ఇద్దరు కార్యకర్తల్లో ఒకతను వీడియో తీశాడు.

తర్వాత వాకిట్లోకి నడిచారు. మా గది కిటికీ కింద తీగలు గట్టిగా ముడిపడ్డాయి. అక్కడ ఇసుక తడిగా ఉంది. ఆయన కళ్లు కూడా తడిశాయి.

"సారూ, అది ఏసీ నీళ్లు" అంది ముత్యవ్వ. "దాని కింద పెట్టే బకెట్ మీ టెస్టింగుల ఉంది."

"మరి ఏసీకి నీళ్లు ఎక్కడికెల్లి వస్తున్నయ్? ఎన్నడన్న ఆలోచించినవా?"

ముత్యవ్వ నిజంగానే ఆలోచించింది.

కార్యకర్తలు తవ్వారు. తడి ఇసుక కింద పొడి ఇసుక వచ్చింది. దాని కింద మరింత పొడి ఇసుక వచ్చింది. ఊట సిగ్గుపడుతోందని, గెస్టును చూస్తే బయటికొస్తుందని సదానందం గారు చెప్పారు. రాష్ట్రం నుంచి ప్రవాసుల సంక్షేమ సలహాదారు గారు వస్తున్నారట. ప్రారంభోత్సవం కూడా అప్పుడేనట.

సలహాదారు గారు వచ్చే రోజే మా వైట్ కూడా వచ్చింది. సదానందం గారు ఎదురెళ్లి పైపును గుంట వైపు తిప్పించారు.

"టాంకీ ఉధర్ హై, భాయ్" అన్నాడు పాకిస్తానీ డ్రైవర్, తొట్టి వైపు చూపిస్తూ.

"ఇధర్ డాలో. యే నేచురల్ హై."

మొదట పోసిన నీళ్లు ఇసుక తాగేసింది. అప్పుడు కార్యకర్తలు నీలం టార్పాలిన్ తెచ్చి గుంటలో పరిచారు. మిగతా నీళ్లు నిలిచాయి.

"ఈ వారం నీళ్లు సార్ అవి! రేపు మేమేం చేయల్ల?" అని మదార్బీ అడ్డం పడింది.

"ఒక్క వారం త్యాగం చెయ్యండ్రమ్మా. జిందగీ అంతా తాగుతరు."

సలహాదారు గారు గుంటలోకి తొంగిచూశారు. "ఆ నీలం రంగేమిటయ్యా?"

"ఆకాశం సార్. నీళ్లల్ల కనపడుతున్నది."

పైన రేకుల షెడ్డు ఉంది. సలహాదారు గారు పైకి చూడలేదు. అంత పెద్దమనిషి అనవసరంగా తల ఎత్తరు. గుంటలో దించిన మోటార్ స్విచ్ నొక్కి, నీళ్లు నెత్తిన చల్లుకుని, ఎడారి తల్లి తెలుగువాడికి కడుపు విప్పి చూపించిందన్నారు. మేము చప్పట్లు కొట్టాం. చప్పట్ల సందడిలో మోటార్ ఆపడం ఎవరికీ గుర్తు రాలేదు. నీళ్లన్నీ గేటు కిందనుంచి రోడ్డు మీదికి పోయాయి.

పేపర్లో ఫోటో చాలా బాగా వచ్చింది. వెనక వరసలో మేమూ ఉన్నాం. మా యూనిఫాంల మీది మరకలు అచ్చులో కనబడలేదు.

కాషిఫ్ సార్ మిఠాయి డబ్బాతో వచ్చారు. "కంగ్రాచులేషన్స్! మేనేజ్‌మెంట్ ఫుల్ ఖుష్."

"రెండో వైట్ ఎప్పుడొస్తుంది సార్?" అని అడిగాను.

"రెండోదేంటమ్మా? మొదటిది కూడా క్యాన్సిల్. మీకు సొంత ఊట ఉంది కదా! పక్క బిల్డింగ్‌కి కూడా మీరే సప్లై చేయాలట. లైన్ వేయడానికి మనుషులొస్తారు."

మదార్బీ చేతిలోని మిఠాయి డబ్బాలో పెట్టేసింది.

సదానందం గారికి ఫోన్ చేశాం. ఆయన వెంటనే వచ్చారు. అదీ ఆయన గొప్పతనం. హ్యాంగర్లు మఖ్మల్ గుడ్డలో చుట్టి ఉన్నాయి. మెడలో సన్మానం శాలువా ఉంది. గుంటలో టార్పాలిన్ ముడతలు పడి ఉంది. దాంట్లో ఒక పిల్లి పడుకుని ఉంది.

"కాషిఫ్ సార్‌కు ఒక్క ఫోన్ కొట్టండి సార్. ఊట లేదని చెప్పండి. పాత వైటన్నా వస్తుంది" అన్నాను. ఆయనతో నేను అంత పొడుగు మాట మాట్లాడడం అదే మొదలు.

"లేదని ఎట్ల చెప్తనమ్మా? సలహాదారు గారు ఓపెనింగ్ చేసిండ్రు. ఊట పక్కకు జరిగింది, గంతే. ఎటు పోయిందో పడుతా."

తీగలు పట్టుకుని గుంట చుట్టూ తిరిగారు. తీగలు వంటగది వైపు ఊగాయి. అక్కడ ఆడవాళ్లు ఖాళీ బిందెలతో నిలబడి చూస్తున్నారు. తీగలు వెంటనే అటునుంచి మళ్లి, గేటు వైపు సాగి నిలిచాయి.

"కదులుతున్నది! ఫాలో కావాలె!"

తీగలు ముందు, ఆయన వెనక. మదార్బీ గేటు తీయడం కాస్త ఆలస్యమైతే తీగలే గడియ దాకా వెళ్లాయి. బయట కారు స్టార్ట్ చేసి ఉంది. ఆయన ఎక్కి, కిటికీలోంచి రెండు చేతులూ చాపారు. తీగలు రోడ్డు వైపే చూపిస్తున్నాయి. డ్రైవర్ అటే పోనిచ్చాడు.

ముత్యవ్వ మాసిన యూనిఫాం భుజాన వేసుకుని కారు వెంట ఉరికింది.

"సారూ! ఊట పోతే పోనియ్యి, నా హ్యాంగర్లన్న ఇచ్చి పో!"