విశ్రాంతిలో మంత్రిగారు చేసిన సంతకం

"నిరంతర ప్రజాసేవ వల్ల అలసిపోయిన గౌరవనీయ పనుల శాఖ మంత్రిగారు, ప్రజల విస్తృత ప్రయోజనాలను దృష్టిలో ఉంచుకొని, సముద్రతీరంలో ఏడు రోజులు సంపూర్ణ విశ్రాంతి తీసుకోవడానికి అంగీకరించారు" అని ఒక ప్రకటన వెలువడింది. విశ్రాంతి తీసుకోమని ప్రజలు ఎప్పుడు ఒత్తిడి చేశారో అందులో లేదు. అంగీకరించారు కనక చేసే ఉంటారు.

అది చదివి నేను నిజంగా సంతోషించాను. నాలుగేళ్ళుగా మంత్రిగారి ఆఫీసుకు తిరుగుతున్నాను. ఆఫీసుకు వెళితే ప్రజల్లో ఉన్నారనేవారు. ప్రజల్లో వెతికితే ఆఫీసులో ఉన్నారనేవారు. ఆయన ఏడు రోజులు ఒకేచోట ఉంటారని ప్రభుత్వమే లిఖితపూర్వకంగా హామీ ఇవ్వడం ఇదే మొదలు.

నా పని చిన్నది. మా కాలనీకీ మా అక్కయ్య ఇంటికీ మధ్య ఒక కాలువ ఉంది. దాని మీది నడకవంతెన నాలుగేళ్ళ కిందట కొట్టుకుపోయింది. కాలువ వెడల్పు ముప్ఫై అడుగులు. చుట్టూ తిరిగి వస్తే ఏడు కిలోమీటర్లు, రెండు బస్సులు. అక్కయ్యకు డెబ్బై నాలుగేళ్ళు; ఆవిడ మోకాళ్ళు చూసే డాక్టరు మా ఒడ్డున ఉన్నాడు. రోజూ సాయంత్రం మేమిద్దరం చెరో గట్టున నిలబడి మాట్లాడుకుంటాం. అందువల్ల ఆవిడ మోకాళ్ళ పరిస్థితి కాలనీ అంతటికీ తాజాగా తెలుస్తూ ఉంటుంది.

"ఒరేయ్, ఆ కాగితం ఏమైందిరా?" అని అవతలి గట్టు నుంచి కేకేస్తుంది.

"పరిశీలనలో ఉందక్కయ్యా."

"ఇంకో నాలుగేళ్ళు పరిశీలించమను. కాలువే ఎండిపోతుంది. నడిచే వస్తాను."

కొలతలు, అంచనాలు, ఇంజనీరు సిఫార్సు అన్నీ ఎప్పుడో పూర్తయ్యాయి. ఉత్తర్వు అడుగున మంత్రిగారి సంతకం ఒక్కటే లేదు. ఆ కాగితం పట్టుకుని సముద్రం దగ్గరికి బయల్దేరాను.

మంత్రిగారు దిగిన రిసార్టు థీమ్ 'పాతకాలపు సర్కారు ఆఫీసు'. ఈ రోజుల్లో అందరికీ పని ఒత్తిడి ఎక్కువ కనక, ఏ పనీ జరగని చోట నాలుగు రోజులు గడిపితే మనసు కుదుటపడుతుందట. అలలకు ఎదురుగా వరండా, కిర్రుమనే ఫ్యాను, కుర్చీ వీపున తువ్వాలు, ట్యాగులు కట్టిన ఫైళ్ళ గుట్టలు, బల్ల మీద గంట. అతిథికి ఒక హోదా ఇస్తారు. బయట బెంచీ మీద జీతమిచ్చి అర్జీదార్లను కూర్చోబెడతారు. అర్జీదార్లు కావాలని గేటుకు బోర్డు కట్టి ఉంది.

ఇంటర్వ్యూలో మేనేజరు అనుభవం ఎంతన్నాడు. నాలుగేళ్ళన్నాను. ఎక్కడన్నాడు. చెప్పాను. లేచి నిలబడి కరచాలనం చేశాడు.

మొదటిరోజు మంత్రిగారు తొమ్మిదికి ఐదు నిమిషాల ముందే వచ్చి కుర్చీలో కూర్చున్నారు. కళ్ళారా చూశాను కనక రాస్తున్నాను; ఎవరైనా చెబితే నేనూ నమ్మేవాణ్ణి కాను. గంట కొట్టారు. ప్యూను వచ్చాడు. "భలే ఉందయ్యా" అని మళ్ళీ కొట్టారు. మధ్యాహ్నానికి ఒక ఫైలు విప్పారు.

"ఇందులో ఏదో రాసి ఉందే" అన్నారు ఆశ్చర్యంగా.

అక్కడి నుంచి ఆయన్ను ఆపడం ఎవరి తరమూ కాలేదు. రెండోరోజు అర్జీదార్లను పేరుపేరునా పిలిచి కూర్చోబెట్టారు. మూడోరోజు భోజనానికి లేవలేదు. బీపీ నార్మల్‌కు వచ్చిందని ఆయన డాక్టరు పత్రికలకు తెలియజేశాడు. నాలుగోరోజు మేనేజరు చేతులు కట్టుకుని వచ్చాడు.

"సార్, తమరు ఫైళ్ళు క్లియర్ చేసేస్తున్నారు."

"అవునయ్యా. ప్రాణం ఎంత హాయిగా ఉందో."

"థీమ్ దెబ్బతింటోంది సార్. ఆ గుట్టలు చూడ్డానికే గెస్టులొస్తారు. నిన్న ఒకాయన ఫైలు కదలడం చూసి, మళ్ళీ ఆఫీసు గుర్తొచ్చిందని గది ఖాళీ చేశాడు."

"ఐతే ఇంకో రెండు గుట్టలు తెప్పించు."

ఐదోరోజు నా వంతు వచ్చింది. రిసార్టు వాళ్ళిచ్చిన నమూనా అర్జీని జేబులో పెట్టుకుని, నా కాగితం బల్ల మీద పెట్టాను. మంత్రిగారు రెండుసార్లు చదివారు.

"పాపం, ఎన్నాళ్ళ నుంచి తిరుగుతున్నారండీ మీ అక్కగారు?"

"నాలుగేళ్ళ నుంచండీ."

"ముప్ఫై అడుగుల కాలువకు నాలుగేళ్ళా?" ఆయన బల్ల గుద్దారు. "ఎవడండీ ఆ మంత్రి?"

"మీరేనండీ" అన్నాను.

ఆయన పకపకా నవ్వారు. "పాత్రలో బాగా లీనమైపోయారు పెద్దాయనా."

కలం మూత తీశారు. నాలుక కొస పళ్ళ మధ్య పెట్టుకుని, ఒక్కొక్క అక్షరాన్నీ గుండ్రంగా దిద్దుతూ పూర్తి పేరు రాశారు. ఒకటిన్నర నిమిషం పట్టింది. వేళ్ళు దులుపుకుంటూ, "చెయ్యి తిరగడం లేదండీ. ఆఫీసులో ఈ శ్రమంతా మా బావమరిదే పడతాడు" అన్నారు.

ఆ సాయంత్రం కాలువ గట్టున నా గొంతు కొంచెం పెద్దదిగానే లేచి ఉంటుంది.

"సంతకం అయిపోయిందక్కయ్యా."

"ఎవరిదిరా?"

"మంత్రిదే. నా కళ్ళముందే పెట్టాడు."

"కళ్ళజోడు ఉందా అప్పుడు?" అంది. ఐనా మర్నాడు ఆవిడ చేతికర్రకు కొత్త రబ్బరు తొడుగు వేయించుకుందని విన్నాను.

మంత్రిగారు తిరిగి వచ్చి, విశ్రాంతి ముగిసిందనీ, ఇక పూర్తిగా పనిలో నిమగ్నమవుతాననీ ప్రకటించారు. ఆ తర్వాత ఆయన ఎవరికీ కనబడలేదు.

సోమవారం కాగితం తీసుకుని అసలు ఆఫీసుకు వెళ్ళాను. సెక్షన్ అధికారి మర్యాదస్తుడు. కుర్చీ చూపించి, రిజిస్టరు విప్పి, నా కాగితం పక్కన పెట్టుకున్నాడు. రిజిస్టరులో నాలుగేళ్ళ సంతకాలున్నాయి. అన్నీ కొరడా ఝళిపించినట్టు ఒక్క గీత. నా కాగితం మీదిది ఒకటో తరగతి పలక మీది రాత.

"ఇది ఫోర్జరీ అండీ" అన్నాడు నొచ్చుకుంటూ.

"మంత్రిగారు నా ఎదురుగా చేశారు."

"ఎదురుగా ఎవరైనా చేస్తారు. రికార్డుతో కలవాలి కదా. పెద్దవారు, కేసు పెట్టను, తీసుకెళ్ళండి. ఐనా ఇంత నాసిగానా? కనీసం అసలు సంతకం ఒకసారి చూసుకుని చెయ్యాల్సింది."

ముప్ఫై ఏళ్ళు కాలేజీలో తర్కశాస్త్రం చెప్పాను. ఆయన వాదంలో ఒక్క లోపం కనబడలేదు. "మంత్రిగారి బావమరిది ఉన్నారా?" అని అడిగాను.

అధికారి లేచి నిలబడ్డాడు. "వారు ఇవాళే విశ్రాంతికి వెళ్ళారండీ. నాలుగేళ్ళలో ఒక్కరోజు సెలవు పెట్టలేదు పాపం."

ఇంటికి చేరేసరికి రిసార్టు మేనేజరు ఫోన్ చేశాడు. గొంతులో సంతోషం పట్టరానిదిగా ఉంది. "రేపటి నుంచి రండి సార్. ఈసారి గెస్టు థీమ్ తెలిసిన మనిషి. గదిలో కలం అన్నది కనబడకూడదని ముందే కండిషన్ పెట్టారు."

సాయంత్రం గట్టు దగ్గరికి వెళ్ళాను. అవతల అక్కయ్య కొత్త తొడుగు కర్ర మీద రెండు చేతులూ ఆనించి నిలబడి ఉంది.

"ఏమైందిరా?"

"రేపటి నుంచి మళ్ళీ ఉద్యోగానికి వెళ్తున్నానక్కయ్యా."

"ఈ వయసులో ఏం ఉద్యోగంరా?"

"అర్జీదారు."

ఆవిడ కర్ర ఎత్తి నా వైపు చూపించింది.

"ఇన్నాళ్ళూ చేసిందేమిట్రా మరి?"