కురిసినట్టు పరిగణించిన వాన

ప్రకృతిని మనిషి జయించాడని ఎక్కడో ఒకచోట చదువుతూనే ఉంటాం. మా లియూతాన్ జిల్లా అంతటితో ఆగలేదు, ప్రకృతిని ఒక కార్యాలయంలో విలీనం చేసుకుంది. దాని పేరు పొగ-వాన సమన్వయ విభాగం. (మొదట్లో పొగకో కుర్చీ, వానకో కుర్చీ ఉండేవి. ఇప్పుడు రెండింటిలోనూ డైరెక్టర్ షాన్ గారే కూర్చుంటున్నారు.)

మొక్కజొన్న కోశాక పొలంలో మిగిలిన దంట్లను తగలబెట్టడం మా దగ్గర నేరం. మంచు కరిగి విత్తే అదను వచ్చేసరికి ఆ దంట్లను మరి ఏం చేయాలో చెప్పడం విభాగం పని కాదు. అందుకని షాన్ గారు మధ్యేమార్గం కనిపెట్టారు. వాన సూచన ఉన్న రోజున మాత్రం కాల్చుకోవచ్చు, ఎందుకంటే పొగను వాన కడిగేస్తుంది. ఫోన్లో యాప్ తెరిస్తే మామూలు రోజుల్లో ఎర్ర బొత్తాం, వాన రోజున పచ్చ బొత్తాం. పసిపిల్లలకు కూడా అర్థమయ్యే పద్ధతి. (పసిపిల్లలే కనిపెట్టి ఉంటారని కొందరంటారు. నేను నమ్మను.)

ఈ వసంతంలో పచ్చ బొత్తాం మొదటిసారి వెలిగిన రోజున పడమట నల్లగా మబ్బు పట్టింది. జిల్లాలోని పొలాలన్నీ ఒకేసారి అంటుకోవడానికి సిద్ధమయ్యాయి. మా ఊళ్లో యిన్ గుయ్‌లాన్ వదిన ఒక్కతే అగ్గిపెట్టె తీయలేదు. ఆమె చలికాలానికి ముందే దంట్లు ఎత్తి ఆవులకు వేసేసింది. ఇంట్లో ఉన్న సోయా విత్తనమంతా నేలలో పెట్టి, ఆ వాన కోసమే ఎదురు చూస్తోంది. మళ్లీ విత్తడానికి ఆమె దగ్గర గింజ లేదు.

మంటల కాపలా వాళ్ల ఎర్ర పట్టీ చేతికి కట్టుకుని పొద్దుతిరుగుడు గింజలు నములుతున్న గ్రామ కార్యదర్శి లువాన్ షుగెన్ మీద ఆమె విరుచుకుపడింది.

"ఒరేయ్ షుగెన్, అందరూ ఒక్కసారే తగలెట్టకండ్రా! పోయినేడూ ఇంతే చేశారు. మబ్బు మన నెత్తిమీదకొచ్చి, ముక్కు మూసుకుని పోయింది."

"నేనేం చెయ్యను వదినా? రేపటికి బొత్తాం ఎర్రబడిపోద్ది. ఇయ్యాళ కాల్చకపోతే ఇంకెప్పుడు కాలుస్తారు వీళ్లు?"

"చలికాలంలో ఆ బొత్తాన్నే ఉడకబెట్టుకు తింటార్రా?"

"నన్ను తిడితే ఏమొస్తది? షాన్ సార్ని అడుగు."

కాల్చారు. మబ్బు పొగలోకి దిగింది. సాయంత్రం దాకా ఊరి మీద నిలబడి, మట్టిరంగు తిరిగి, ఒక్క చుక్కయినా రాల్చకుండా తూర్పుకు వెళ్లిపోయింది.

మర్నాడు గుయ్‌లాన్ వదినను నా బండి మీద జిల్లా కార్యాలయానికి తీసుకెళ్లాను. షాన్ గారు టీ తాగుతూ ఓపిగ్గా వివరించారు.

"చూడమ్మా, మబ్బులో నీరు పట్టుకోవడానికి ఓ రేణువు కావాలి. రేణువులు కొన్నే ఉన్నాయనుకో, ఒక్కోటీ బోలెడు నీళ్లు పోగేసుకుని బరువెక్కి కిందపడుద్ది. అదే వాన. నిన్న పొగతో కోట్ల రేణువులు వెళ్లాయి. ఉన్న నీళ్లు అన్నిటికీ తలా కాస్త అందాయి. దేనికీ కిందపడేంత బరువు రాలేదు."

"అంటే మీ పొగే వానని ఆపేసింది కదండీ?"

"ఆపలేదమ్మా. సమానంగా పంచింది."

నాకు ఒళ్లు మండింది. కానీ విభాగం ఇబ్బంది కూడా మనం అర్థం చేసుకోవాలి. వాన పడలేదంటే పచ్చ బొత్తాం తప్పు. బొత్తాం తప్పయితే జిల్లా మొత్తం నేరం చేసినట్టు, చేయించింది షాన్ గారు అయినట్టు. కాబట్టి వాన కురిసింది. వర్షమాపకం తెరిస్తే అడుగున బూడిద కనిపించింది. దాన్ని ఘనరూప వర్షపాతంగా నమోదు చేశారు. (వడగళ్లు పడినప్పుడు ఇదే పద్ధతి.)

"పొలానికి ఒక్క ట్యాంకరు నీళ్లు ఇప్పించండి బాబూ" అని వదిన బతిమాలింది.

"వాన పడిన ఊరికి కరువు ట్యాంకరు ఎట్లా పంపుతానమ్మా?"

ఆమె జేబులోంచి ఒక సోయా గింజ తీసి బల్ల మీద పెట్టింది. నేలలోంచి తవ్వి తెచ్చిన గింజ, పెట్టినది పెట్టినట్టే ఉంది.

"ఇది తడిసిందా? మీరే పట్టుకు చూడండి."

షాన్ గారు పట్టుకోలేదు. కళ్లద్దాలు మాత్రం సర్దుకున్నారు.

"గింజ మొలవలేదంటే నీళ్లు ఎక్కువై కూడా ఉండొచ్చు. అతివృష్టి సాయం మా దగ్గర సిద్ధంగా ఉంది. మీ ఊళ్లో వాన పడ్డట్టు రికార్డు కూడా ఉంది. దరఖాస్తు పెట్టుకో."

వదిన నా వంక చూసింది. "ఏదో ఒకటి పెట్టెయ్ అయ్యా. పేరు ఏదైతే నాకేంటి, పొలం తడిస్తే చాలు."

పెట్టాం. వారం తిరక్కుండా ప్రభుత్వ లారీ ఆమె గుమ్మం ముందు ఆగింది. నీళ్లొచ్చాయనుకుని ఊరంతా బిందెలతో పరుగెత్తింది. లారీలోంచి ఒక పంపు దించారు. పొలంలో నిలిచిన నీటిని బయటికి తోడేసే పంపు.

గుయ్‌లాన్ వదిన పొలంలో ఒక్క మొక్కా లేవలేదు. ఆ పంపును సకాలంలో వాడి నీరు తోడకపోవడమే ఇందుకు కారణమని నిన్న ఊరి లౌడ్‌స్పీకర్లో ప్రకటించారు.